పాత ఏసీ మారిస్తే మన కరెంటోళ్ళు రాయితీ ఏమైనా ఇస్తారా? – విజయవాడ

పటమట పద్మజ
అందరికీ నమస్కారం. మా డాబా ఇంట్లో 2012లో కొన్న 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీ ఉంది. 3 స్టార్, ఇన్వర్టర్ కాదు. అత్తయ్యగారి గదిలో నడుస్తుంది. చల్లదనానికి వంక పెట్టడానికి లేదు గానీ పోయిన మే నెల బిల్లు 520 యూనిట్లు చూపించింది. హాల్లో ఇంకో ఏసీ ఉన్నా చుట్టాలొస్తేనే వేస్తాం.

మా ఆడపడుచు ఢిల్లీలో ఉంటుంది. అక్కడ కరెంటు కంపెనీయే పాత ఏసీ తీసుకుపోయి కొత్త 5 స్టార్ ఏసీ బాగా తక్కువకి ఇచ్చిందట. "అంత ఎండలు పెట్టుకుని మీ బెజవాడలో ఆ మాత్రం ఇవ్వరా వదినా" అని ఫోన్లో ఒకటే పోరు. ఇక్కడ షాపులో అడిగితే "ఎక్స్ఛేంజ్ 4 వేలు, గవర్నమెంట్ రాయితీ కూడా కలిపేశాం మేడం" అన్నాడు. ఏ రాయితీ అంటే కంప్యూటర్ వైపు చూస్తూ "అది రేట్లోనే ఉందండి" అన్నాడు. నిజంగా ఏమైనా ఉందా? ఉంటే ఎవరిని అడగాలి?

గుణదల కుర్రాడు
లేదక్కా. షాపువాడు మీ చెవిలో పువ్వు పెట్టాడు.

లైన్‌క్లియర్
పద్మజమ్మా, నేను డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ కంపెనీలో, ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేసి రిటైరైనవాణ్ణి. ఢిల్లీ తరహాలో పాత ఏసీ తీసుకుని కొత్తది రాయితీకి ఇచ్చే పథకం మన డిస్కం సీపీడీసీఎల్ నడపడం లేదు. సెక్షన్ ఆఫీసుకి వెళ్ళి అడిగితే అక్కడి కుర్రాళ్ళు మిమ్మల్ని వింతగా చూస్తారు, అంతే.

మీ ఆడపడుచు చెప్పింది మాత్రం నిజమే. అక్కడి డిస్కంలు బీఎస్ఈఎస్ కంపెనీలు చాలాకాలంగా ఆ పని చేస్తున్నాయి. 2019లో కేంద్రం వాళ్ళ ఈఈఎస్ఎల్ సంస్థ 1.5 టన్నుల 'సూపర్ ఎఫిషియెంట్' ఏసీని 41,300 రూపాయలకి ముందు ఢిల్లీలోనే, ఈ కంపెనీల ద్వారానే మొదలుపెట్టింది. దాని ఐఎస్ఈఈఆర్ (కరెంటు పొదుపు అంకె, ఎంత ఎక్కువైతే అంత మేలు) 5.4. అప్పటికి బజార్లో ఉన్న 5 స్టార్ల కంటే మెరుగు. తర్వాత ఏసీ కంపెనీలతోనే నేరుగా కుదుర్చుకుని ఎక్స్ఛేంజ్ పథకాలు పెట్టారు. ఒక్కో కనెక్షన్‌కి 3 ఏసీల దాకా ఇచ్చారు.

వాళ్ళెందుకు ఇస్తారు, మనవాళ్ళెందుకు ఇవ్వరు అంటే దాన్లో ధర్మమేమీ లేదు, అంతా లెక్కే. ఢిల్లీలో పొలాలు లేనట్టే. ఇళ్ళు, షాపులు, ఆఫీసులు. ఎండాకాలం పీక్, అంటే కరెంటు వాడకం అన్నిటికంటే ఎక్కువయ్యే వేళ, అంతా ఏసీలే. 2024 జూన్‌లో అక్కడి డిమాండ్ 8,656 మెగావాట్లకి పోయింది. ఏడాదిలో కొద్ది గంటల కోసం అంత కరెంటు కొనాలి, కేబుళ్ళు మార్చాలి, ట్రాన్స్‌ఫార్మర్లు పెంచాలి. ఆ ఖర్చు కంటే జనం ఏసీలు మార్పించడం చవక.

మన దగ్గర లోడ్‌లో వ్యవసాయానిది పెద్ద వాటా. పంపుసెట్లకి పగటిపూట 9 గంటలు ఉచితం. ఆ లోటు పూడ్చేది ఎవరు? కొంత సర్కారు సబ్సిడీ, కొంత 400 యూనిట్లు దాటి 9.75 కట్టే మీలాంటి వాళ్ళు. డిస్కం లెక్కలో మీరు పాడిగేదె. పాలు తగ్గించుకోమని ఎవరైనా దాణా పెడతారా?

అయితే ఇంకో వైపూ ఉంది. మే నెల రాత్రి 10, 11 మధ్య మనవాళ్ళు పవర్ ఎక్స్ఛేంజీలో (కరెంటు కొనే, అమ్మే బజారు) యూనిట్ 10 రూపాయల సీలింగు రేటుకి కొనాల్సిన రోజులుంటాయి. దానికి లైన్ నష్టాలు కలిపి మీకు 9.75కి అమ్మితే చేతి చమురు వదిలినట్టే. అలాంటి గంటలకి ఏసీ రాయితీ డిస్కంకీ లాభమే. సర్వీసులో ఉండగా ఈ మాట నేను మీటింగుల్లో అన్నాను, రాసుకున్నారు, ఫైల్లో పెట్టారు.

బ్రాడీపేట 4/14
ఏఈ గారూ, మీ ఫైలు సంగతి ఏమో గానీ మన గుంటూరు జిల్లాకి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 2014లో ఎల్ఈడీ బల్బుల పథకం రాష్ట్రంలో మొదలైన నాలుగు జిల్లాల్లో మాదొకటి. రెండు పాత బల్బులు, బల్బుకి 10 రూపాయలు, చేతిలో కరెంటు బిల్లు పట్టుకుని వెళ్తే రెండు ఎల్ఈడీలు ఇచ్చారు. మా వీధిలో క్యూ మలుపు దాటింది. పాత బల్బు పగిలిపోయిందని ఒకాయన పక్కింట్లో అరువు తెచ్చి మరీ ఇచ్చాడు. అప్పుడు బజార్లో ఎల్ఈడీ బల్బు రేటు గుర్తున్నవాళ్ళకి తెలుస్తుంది అదెంత పెద్ద తగ్గింపో.

కాబట్టి చేయలేక కాదు. బల్బు చిన్నది, ఏసీ పెద్దది. ఏసీకి రాయితీ అంటే "ఉన్నోళ్ళకి దోచిపెడుతున్నారు" అని పేపర్లో వస్తుంది. అదీ భయం.

ఇక ఢిల్లీ కంపెనీలు ప్రకటించే '60 శాతం తగ్గింపు' గురించి: అది ఎమ్మార్పీ మీద. 5 స్టార్ ఏసీ డబ్బా మీద 70, 75 వేలు వేసి ఉంటుంది. ఆ రేటుకి ఏ షాపులోనైనా, ఎవరైనా కొనగా చూశారా? మన బందరు రోడ్డులో అదే ఏసీ 43, 45కి వస్తుంది. అంటే అక్కడి రాయితీ అసలు విలువ చూడాలంటే వాళ్ళు కట్టిన ధరని 75లోంచి కాదు, 45లోంచి తీసేయాలి. అలా చూస్తే మిగిలేది బాగానే ఉంటుంది గానీ మీ ఆడపడుచు ఫోన్లో చెప్పినంత ఉండదు.

డాలస్ నుంచి
మాది తెనాలి, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. అమెరికాలో కరెంటు కంపెనీల రిబేట్లు అంటే మనవాళ్ళు స్వర్గం అనుకుంటారు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను.

ఇక్కడ ఇంటి మొత్తానికి ఒకటే సిస్టం. మార్చాలంటే కొటేషన్లు వేల డాలర్లలో ఉంటాయి. రిబేట్ రావాలంటే చాలాచోట్ల వాళ్ళ లిస్టులో ఉన్న కాంట్రాక్టరే బిగించాలి. బయటి యూనిట్, లోపలి కాయిల్ రెండూ జతగా పరీక్షించినవని ఏహెచ్ఆర్ఐ (అక్కడి ఏసీ కంపెనీల సంఘం) సర్టిఫికెట్ నంబరు ఇవ్వాలి. బయటిది మాత్రమే మార్చి పాత కాయిల్ ఉంచితే పైసా రాదు. కొన్నిచోట్ల ముందు అనుమతి తీసుకోకుండా బిగిస్తే అసలు దరఖాస్తే తీసుకోరు. ఇక కాంట్రాక్టర్ల తెలివి ఎలా ఉంటుందంటే, రిబేట్ వస్తుందని తెలిస్తే కొటేషన్ సరిగ్గా అంతే పెరుగుతుంది. మూడు కొటేషన్లు తీసుకుంటే గానీ ఆ సంగతి బయటపడదు.

ఫెడరల్ వాళ్ళు హీట్ పంపుకి (చల్లదనం, వేడి రెండూ ఇచ్చే ఏసీ) ఖర్చులో 30 శాతం, 2,000 డాలర్లు మించకుండా పన్నులో తగ్గించేవాళ్ళు. 2025 డిసెంబరు 31తో అదీ ఆపేశారు.

గుణదల కుర్రాడు
అంటే అక్కడా చెవిలో పువ్వే అన్నమాట 😄

లెక్కల మాస్టారు
రాయితీ లేదని పద్మజ గారు నిరాశ పడక్కర్లేదు. మన కరెంటు రేటు స్లాబులే ఆవిడకి రాయితీ. ఎలాగో చూపిస్తాను.

520 యూనిట్ల బిల్లు: మొదటి 30కి 1.90, తర్వాత 45కి 3.00, 50కి 4.50, 100కి 6.00, 175కి 8.75, మిగిలిన 120కి 9.75. మొత్తం 3,718 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ, ఆ సర్దుబాటు చార్జీలు వేరు.

పాత ఏసీ రాత్రికి 8 గంటలు నడిస్తే మన ఎండల్లో 9, 10 యూనిట్లు తాగుతుంది. 5 స్టార్ ఇన్వర్టర్ అదే గదికి 4, 5తో సరిపెడుతుంది. తేడా రాత్రికి 5 అనుకుంటే నెలకి 150. అప్పుడు బిల్లు 370 యూనిట్లు, 2,286 రూపాయలు. మిగులు 1,432. ఎందుకింత అంటే ఆ 150 యూనిట్లూ పైనుంచి తగ్గుతాయి. 9.75వి 120 మొత్తం పోతాయి, 8.75వి 30 పోతాయి. అడుగున ఉన్న చవక యూనిట్లు అలాగే ఉంటాయి.

ఇదే ఏసీ, నెలకి 210 యూనిట్లు కాల్చే ఇంట్లో మారిస్తే? వాళ్ళు వాడేదే కొద్ది గంటలు. నెలకి 60 యూనిట్లు తగ్గాయనుకున్నా 6 రూపాయల చొప్పున 360. వాళ్ళకి కొత్త ఏసీ డబ్బులు ఎప్పటికి తిరిగొస్తాయో దేవుడికే తెలియాలి. అందుకే "పక్కింటివాళ్ళు మార్చారు, మనమూ మారుద్దాం" అనే లెక్క పనికిరాదు. మీ బిల్లు ఏ స్లాబులో ఆగుతోందో చూడండి.

మే, జూన్లలో ఇంత మిగిలినా మార్చి, సెప్టెంబరుల్లో తక్కువే ఉంటుంది, చలికాలం ఏమీ ఉండదు. ఏడాది మొత్తానికి 700 యూనిట్లు, 6,000 చిల్లర మిగులు అనుకోవడం న్యాయం. 44 వేల ఏసీ అయితే ఏడేళ్ళు.

పటమట పద్మజ
మాస్టారూ, చాలా థాంక్స్. ఏడేళ్ళంటే మా అత్తయ్యగారు "అప్పటిదాకా నేనుంటానో లేదో, డబ్బు నా పేరు మీద ఎందుకు తగలేస్తారు" అని మొదలుపెడతారు. అదీ ఒక లెక్కే. మరి ఏసీ మార్చకుండా దీన్నే సర్వీసింగ్ చేయించి నెట్టుకొస్తే?

కాపర్ పైపు
మేడం, నేను మెకానిక్‌ని, గవర్నర్‌పేట నుంచి కానూరు దాకా తిరుగుతుంటాను. 2012 ఏసీ అంటే దాదాపు ఆర్22 గ్యాసే ఉంటుంది. లీకు లేకపోతే నడుస్తుంది, నడవనివ్వండి. ముందు అవుట్‌డోర్ కాయిల్ నీళ్ళతో గట్టిగా కడిగించండి. బెంజి సర్కిల్ దుమ్ము అంతా దాన్లోనే ఉంటుంది. అది కడిగితేనే కొంత తేడా వస్తుంది.

కానీ లీకు మొదలైందా, ఇక వద్దు. ఆర్22 వాడకం దేశమంతా తగ్గించేస్తున్నారు, 2025 నుంచి కొత్త ఏసీల్లో అది పెట్టకూడదు. దొరికినా రేటు మంట. ఏటా గ్యాస్ పట్టించుకుంటూ పోతే ఆ డబ్బే కొత్తదాని కిస్తీ అవుతుంది.

ఇంకో మాట. పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేటప్పుడు వచ్చే కుర్రాళ్ళు ఏం చేస్తారంటే స్పానరేసి పైపు బిగించే ఫ్లేర్ నట్ వదులు చేస్తారు. 'స్‌స్‌స్' మని తెల్లగా పొగలా గ్యాసంతా గాల్లోకి పోతుంది. అది కిలో పోతే 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత అని మాకు ట్రైనింగులో చెప్పారు. పద్ధతేంటంటే ఏసీ ఆన్ చేసి, సన్న పైపు వాల్వ్ అలెన్ కీతో మూసేయాలి. కంప్రెసర్ గ్యాసంతా అవుట్‌డోర్‌లోకి లాక్కుంటుంది. గేజ్ ముల్లు సున్నా దగ్గరకి రాగానే లావు పైపు వాల్వ్ కూడా బిగించి, వెంటనే ఏసీ ఆపాలి. నాలుగైదు నిమిషాల పని. చేయమని అడగండి. గేజ్ తేలేదంటే ఆ మనిషి పనేంటో మీకే అర్థమవుతుంది.

కొత్తది బిగించేటప్పుడు వాక్యూమ్ పంపు పెట్టి కనీసం 15, 20 నిమిషాలు లాగాలి. అది పెట్టకుండా కొత్త ఏసీలో ఉన్న గ్యాస్‌నే కొంచెం వదిలి గాలి తోసేస్తారు. మొదటి ఎండాకాలం ఏమీ తెలియదు. రెండో ఎండాకాలం నాకు ఫోన్ చేస్తారు.

సింగ్‌నగర్ సత్యం
ఇన్వర్టర్, 5 స్టార్ అని అందరూ ఊదరగొడుతున్నారు గానీ పీసీబీ (ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) సంగతి ఎవరూ మాట్లాడరేం? మా పాత ఏసీ అవుట్‌డోర్‌లో కంప్రెసర్, కెపాసిటర్, ఫ్యాన్. కెపాసిటర్ పోతే కొన్ని వందల్లో అయిపోయేది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు మా ఇళ్ళలోకి వచ్చినప్పుడు పాత ఏసీలు కడిగి ఆరబెట్టి చాలామంది నడిపించుకున్నారు. ఇన్వర్టర్ వాటి బోర్డులన్నీ బురదపాలు. బోర్డు ఒక్కటే పది వేల పైమాట, అదీ కంపెనీ దగ్గర ఉంటే. మాస్టారి ఏడేళ్ళ లెక్కలో ఒక బోర్డు పోతే అది ఎనిమిదిన్నర అవుతుంది.

లెక్కల మాస్టారు
సత్యం గారి మాట కొట్టిపారేయలేం. అందుకే పీసీబీకి 5 ఏళ్ళ వారంటీ కాగితం మీద ఉన్న మోడలే తీసుకోవాలి. కంప్రెసర్‌కి 10 ఏళ్ళు అని పెద్దక్షరాల్లో వేస్తారు, పోయేది మాత్రం బోర్డు.

కాపర్ పైపు
సింగ్‌నగర్, రాజరాజేశ్వరి పేట వైపు ఇప్పుడు అందరికీ అవుట్‌డోర్ గోడకి ఎత్తుగా స్టాండు వేసి పెడుతున్నా. మీరూ అలాగే పెట్టించండి సత్యం గారూ.

బెజవాడ బుల్లబ్బాయి
3 స్టార్ తీసుకోవచ్చుగా? 7 వేలు తక్కువ. ఎప్పుడూ 5 స్టార్ 5 స్టార్ అంటారు.

లెక్కల మాస్టారు
తీసుకోవచ్చు. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, దాన్నే చూడండి. 1.5 టన్నుల్లో 5 స్టార్‌వి 750, 800 దగ్గర, 3 స్టార్‌వి 950, 1,000 దగ్గర ఉంటాయి. ఆ అంకె ఏడాదికి 1,600 గంటలు వాడినట్టు లెక్క, అంటే రోజుకి 8 గంటల చొప్పున 200 రోజులు. మన ఊరికి అది అతికినట్టు సరిపోతుంది. తేడా 200 యూనిట్లు, పై స్లాబులో 1,800 రూపాయలు. 7 వేలు నాలుగేళ్ళలో వచ్చేస్తాయి. రాత్రంతా వేసే గదికి 5, పద్మజ గారి హాల్లాగా చుట్టాలొస్తే వేసేదానికి 3.

ఒక జాగ్రత్త. 2026 జనవరి 1 నుంచి స్టార్ల పట్టిక మారింది. నిన్నటి 5 స్టార్ కొత్త పట్టికలో 4 అవుతుంది. షాపుల్లో పాత సరుకు ఇంకా ఉంటుంది. లేబుల్ మీద ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు అని ఉంటుంది చూడండి. స్టార్లు లెక్కపెట్టడం కంటే ఐఎస్ఈఈఆర్ అంకె చదవడం మేలు. మీ 2012 నాటి 3 స్టార్ సామర్థ్యం 3 దగ్గర. కొలిచే పద్ధతి వేరైనా, ఈ రోజు అది 1 స్టార్‌కి కూడా ఆనదు.

బ్రాడీపేట 4/14
షాపువాడి 'గవర్నమెంట్ రాయితీ' ఏమిటో ఇప్పుడు తట్టింది! 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దించారు కదా. దాన్నే రాయితీ అని అమ్ముతున్నాడు. అది అందరికీ ఉన్నదే, పాత ఏసీ ఇచ్చినా ఇవ్వకపోయినా. బిల్లు మీద ఎక్స్ఛేంజ్ తగ్గింపు విడిగా రాయమనండి. రాయనంటే ఆ 4 వేలు ముందే రేటుకి కలిపి మళ్ళీ తీసినట్టు. మా అరండల్‌పేటలో ఒక షాపులో ఎక్స్ఛేంజ్ లేకుండా ఎంత అని మా ఆవిడ అడిగితే అంతే రేటు చెప్పాడు. పాతది విడిగా అమ్ముకుంటే రాగి కోసమైనా మూడు నాలుగు వేలు వస్తాయి.

పటమట పద్మజ
హహ, మా షాపువాడూ అదే అయ్యుంటాడు. బిల్లు వేయించి చూస్తాను.

మేడ మీద మాధవి
డాబా ఇల్లు అన్నారు కదా, ఎవరూ పైకప్పు సంగతి ఎత్తలేదేంటి? ముందు డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, కనీసం సున్నమైనా కొట్టించండి. మేం రెండేళ్ళుగా వేయిస్తున్నాం. అంతకుముందు సాయంత్రం మంచం మీద పడుకుంటే స్లాబు నుంచి సెగ మొహం మీదకి కొట్టేది. ఇప్పుడు ఏసీ 26లో పెట్టి ఫ్యాన్ వేస్తే చాలు. రోహిణి కార్తెలో కూడా. హైదరాబాద్ వైపు ప్రభుత్వమే 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మన దగ్గర మనమే బ్రష్ పట్టుకోవాలి.

లైన్‌క్లియర్
మాధవి చెప్పింది మంచి మాట. స్లాబు కాలుతుంటే ఎన్ని స్టార్లున్నా ఏసీ రాత్రంతా దానితోనే కుస్తీ పడుతుంది.

అదే డాబా మీద ఇంకోటి కూడా ఉంది. ఏసీకి రాయితీ లేదు గానీ సోలార్‌కి ఉంది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ. సొంత డాబా, నీడ లేకపోతే నెలకి 350 యూనిట్ల దాకా వస్తాయి. పగలు తయారై లైనుకి పోయింది రాత్రి ఏసీ వాడకంలోంచి నెట్ మీటరు తీసేసి సర్దుతుంది. నన్నడిగితే 45 వేలు ఏసీలో పెట్టే ముందు ఆ లెక్క కూడా వేసుకోమంటాను. రెండూ చేస్తే బిల్లు దాదాపు మాయం.

లెక్కల మాస్టారు
ఏఈ గారితో ఇక్కడ నేను కలవను. సోలార్ పెట్టాక పై స్లాబు యూనిట్లు ఎలాగూ పోతాయి. అప్పుడు ఏసీ మార్చితే మిగిలేది 3 నుంచి 6 రూపాయల యూనిట్లే. ఏడేళ్ళు కాస్తా పదిహేనవుతాయి. పాత ఏసీ చచ్చేదాకా వాడి సోలార్ పెట్టుకోవడం ఒక దారి. సోలార్ వద్దనుకుంటే ఏసీ మార్చడం ఇంకో దారి. రెండూ ఒకే ఏడాది మాత్రం వద్దు.

సింగ్‌నగర్ సత్యం
మాస్టారికి నా ఓటు. మొదటిసారి.

పటమట పద్మజ
ఇంట్లో మాట్లాడాం. ఈ నెల పైన తెల్ల పెయింట్, కాయిల్ వాష్. సోలార్‌కి మావారు నీడ చూడమని మనిషిని పిలిచారు, పక్క అపార్ట్‌మెంటు నీడ మధ్యాహ్నం రెండు నుంచే పడుతోందట. కాబట్టి సోలార్ అనుమానమే. అది కాదంటే ఏసీ మారుస్తాం, 5 స్టార్. ఆడపడుచుకి ఎమ్మార్పీ సంగతి చెప్పాను, "నువ్వు ఎప్పుడూ ఇంతే వదినా" అంది.

ఒక్క సందేహం మిగిలింది. మా సర్వీసు లోడు, అంటే కనెక్షన్‌కి రాయించుకున్న లోడు, 2 కిలోవాట్లే. కొత్త ఏసీకి పెంచాలా?

లైన్‌క్లియర్
రెండు ఏసీలు, గీజరు, మోటారు. మీ వాడకం ఎప్పుడో 2 దాటింది తల్లీ. కొత్త ఏసీ పాతదాని కంటే తక్కువే లాగుతుంది కాబట్టి దానికోసం కాదు గానీ, మీటరు మీ గరిష్ఠ డిమాండ్ రాసుకుంటూనే ఉంటుంది, ఏదో ఒక రోజు నోటీసు వస్తుంది. 2025లో కొన్ని నెలలు అదనపు లోడు రాయించుకునేటప్పుడు కట్టే డెవలప్‌మెంట్ చార్జీలో సగం తగ్గించారు, అప్పుడు కట్టుకున్నవాళ్ళు బాగుపడ్డారు. మళ్ళీ అలాంటిది పెట్టారేమో 1912కి ఫోన్ చేసి అడగండి. ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కి నెలకి 10 రూపాయలే. 5కి పెంచుకోండి. మీ ఒక్కరి కోసం కాదు, అందరూ 2 అని రాయిస్తే మీ వీధికి చిన్న ట్రాన్స్‌ఫార్మరే వేస్తారు. మే నెల రాత్రి 11కి ఫ్యూజు ఎగిరితే అప్పుడు 5 స్టార్ కూడా చల్లబడదు.

కాపర్ పైపు
లోడు పెంచితే మెయిన్ దగ్గర వైరు కూడా చూపించుకోండి మేడం. ఏసీకి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, 20 యాంప్స్ ఎంసీబీ. పాత ఇళ్ళల్లో 2.5తో లాగేసి ఉంటారు.